కలమునకు పూజ, పుటకు కావలి

దసరా నవరాత్రులలో సరస్వతీపూజనాడు మన యిండ్లలో పుస్తకములతో పాటు కలములను గూడ అమ్మవారి పాదములచెంత నుంచి, పసుపు కుంకుమలు పెట్టి, అక్షతలు చల్లి పూజించుట వాడుక. ఆనాడు చదువరాదు, వ్రాయరాదు అని కొన్ని యిండ్లలో పెద్దలు చెప్పుదురు. ఒక్క దినమునకు ఈ నియమము ముచ్చటగనే యుండును. కాని స్త్రీల విషయమున ఈ నియమము సంవత్సరము పొడుగునను నడచుచున్నదని మేమనిన చదువరులకు కోపము రావచ్చును. మా బిడ్డలు చదువుట లేదా, పరీక్షలు వ్రాయుట లేదా యని అడుగవచ్చును. చదువుచున్నారు, వ్రాయుచున్నారు. పరీక్షాధికారి అడిగినది వ్రాయుచున్నారు. పైయధికారి చెప్పినది వ్రాయుచున్నారు. ఇంటికి వచ్చి పాలపద్దు వ్రాయుచున్నారు. తన మనస్సులోనిది తనకొరకు, తన మాటలలో, ఒక పుటయైన వ్రాసికొని, దానిని మరియొకరు విప్పరను ధైర్యముతో నిద్రపోగలిగిన స్త్రీలు మన యింట నెందరున్నారో లెక్కపెట్టి చూడుడని మా ప్రార్థన.

ఈ నడుమ ఫౌంటెన్ పెన్నులమీది మోజు చదువుకొన్న కుటుంబములలో మరల తలయెత్తినది. హంగేరీ దేశస్థుడు లాస్లో బీరో 1938లో బాల్ పెన్నునకు పేటెంటు కోరిన పిమ్మట, కొలది దశాబ్దములలో ఆ క్రొత్త కలము లోకమంతట వ్యాపించి, సిరాబుడ్డిని బడిబల్లల మీదినుండి తరిమివేసినది. ఇప్పుడు జనులు ఫోనుమీద బొటనవ్రేలితో వ్రాయుటకు అలవాటుపడిన కాలమున, విసుగెత్తియో వేడుకకొరకో, కొందరు మరల ఆ బుడ్డి మూత తీసిరి. ఇందుకు మేమును సంతసించితిమి. రాజమహేంద్రవరమున 1932లో కె.వి. రత్నముగారు నెలకొల్పిన పెన్నుల కర్మశాల పేరు తెలుగువారికి క్రొత్త గాదు. అది గాంధీజీ ప్రోద్బలమున, స్వదేశోద్యమపు వేడిలో పుట్టిన పని. తమకు చేరిన ఆ పెన్నునకు కృతజ్ఞత తెల్పుచు గాంధీజీ 1935లో రత్నముగారికి జాబు వ్రాసిరి. గంధకము చేర్చి గట్టిపరచిన రబ్బరు కడ్డీని, అనగా ఎబొనైటును, లేతుయంత్రముపై పట్టి ఒక్కొక్క పెన్నును చేతితో తీర్చెడి పనితనము ఆ యూరికి కీర్తి తెచ్చినది. వంగదేశపు రాజశాహిలో 1934లో మైత్ర సోదరులు ఆరంభించిన సులేఖ సిరాయు ఆ వేడిలోనిదే. అది నడుమ మూతపడియు మరల తెరువబడి నేడును దొరకుచున్నది. ఒక కలము, ఒక బుడ్డి సిరా స్వరాజ్యమునకు పనికివచ్చునని నమ్మిన తరము వారిది. ఆ కలముతో ఏమి వ్రాయవలెనను ప్రశ్నను మాత్రము వారు మనకు వదలిపోయిరి.

ఆ ప్రశ్నకు నేటి కలపు విలాసులు చెప్పెడి సమాధానము చూడదగినది. ఒక్కొక్కరి యొద్ద పదియో పదునైదో పెన్నులు, వానికి తగిన పెట్టె, ముప్పది రంగుల సిరాలు. అందమైన అట్టతో నొక నోటుపుస్తకము. ఒక్కొక్క సిరాకు ఒక్కొక్క పుట. పుట తలమీద సిరా పేరు, దాని క్రింద పెన్ను పేరు, పాళీ సన్నమో లావో ఆ వివరము, దాని క్రింద ఇంగ్లీషున నొక చక్కని వాక్యము. ఆ వాక్యము వ్రాసినవానిది గాదు, ఎవరో మహనీయునిది. ఈ పుస్తకమునకు డైరీ యని పేరు. పందిరి వేసి, మేళము పెట్టి, పెండ్లికొడుకును పిలువమరచినట్లున్నది. అందులో పెన్నుల సంగతి కలదు, కాగితము దళసరి సంగతి కలదు, సిరా ఎండినపుడు అంచున మెరయు ఛాయల సంగతి కలదు. వ్రాసినవాని సంగతి లేదు.

సిరాను తక్కువచేయుట మా యుద్దేశము గాదు. సిరా తెలిసికొనదగిన వస్తువే. దీపపుమసిని తుమ్మబంకనీటితో నూరిన పూర్వపు సిరా ఎండకు వెలియదు. కాని మసి రేణువులు ఫౌంటెన్ పెన్ను సన్నని కాలువలలో అడ్డుపడును. కరక్కాయ కషాయమున అన్నభేది కలిపిన సిరా వేరు తెగది. వ్రాసినపుడు వెలవెలబోవుచుండును, గాలి సోకినకొలది దినదినము నల్లబడును, తుదకు నీటికి కరగక కాగితపు పీచులో నిలిచిపోవును. పాశ్చాత్యులు కరక్కాయకు బదులు మాచికాయను వాడిరి. వ్రాయునపుడే అక్షరము కనబడుటకై అందు నీలిరంగు కలిపినదే నీలినలుపు సిరా. దానిలోని ఆమ్లము ఇనుపపాళీని తినును. పాళీలకు బంగారము వాడుటకు అదియొక కారణము. బడిపిల్లలు వాడెడి కడిగినపోవు నీలిసిరా వీనికి సాటి రాదు. శ్రావణమాసపు జల్లు కిటికీలోనుండి ఒక్కమారు కొట్టినచో ఏడాది వ్రాత కొట్టుకొనిపోవును. కావున దినచర్య వ్రాయగోరువారికి నీలినలుపే మేలని మా మతము. ఇంతవరకు కలపు విలాసులతో మాకు తగవు లేదు. కాని వానకు తడిసినను చెరగని సిరాకొరకు ఇంత వెదకెడి వీరు, అత్తగారు చూతురని వెరచి వ్రాసిన చేతులే చించివేసెడి పుటను గూర్చి యెన్నడైన తలపోసిరా?

డైరీ యనునది తెల్లవారి వాడుక, మన సంప్రదాయమున లేదు, అందుచే మన స్త్రీలకు అక్కరలేదు అనువారు కొందరు కలరు. వీరు తెలుగు వచనపు చరిత్ర నెరుగరు. ఏనుగుల వీరాస్వామిగారు చెన్నపట్నపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరు ఉద్యోగము చేసినవారు. 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరువరకు, పదునైదు నెలలు, దారి పొడుగునను తాము కన్నవి విన్నవి తెలుగున వ్రాసికొనుచు, మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి తెలియజేయుచు వచ్చిరి. ఏ దారి నడకకు అనువు, ఏ మజిలీలో సామగ్రి దొరకును, ఏ సీమ జనుల యాచారమేమి, అన్నియు అందున్నవి. వీరాస్వామిగారు గతించిన తరువాత 1838లో ఆ పిళ్ళగారు దానిని అచ్చువేయించిరి. ఇంగ్లీషు రాక ఆయన తెలుగున వ్రాయలేదు. ఇంగ్లీషే ఆయన జీవనోపాధి. అంతకు ముందే పుదుచ్చేరిలో ఫ్రెంచివారి దుబాసీ ఆనందరంగపిళ్ళ 1736 మొదలు 1761 వరకు తన దినచర్యను తమిళమున వ్రాసియుంచెను. ఇక సంప్రదాయము లేదనుట యెట్లు?

అయితే ఈ పేరులన్నియు పురుషులవే. పురుషులకు తాళములు పెక్కులు దొరకినవి. వాడుక తెలుగుకొరకు పోరాడిన గురజాడ అప్పారావుగారి డైరీలు సయితము చాలవరకు ఇంగ్లీషుననే యున్నవి. ఆనాటి కళాశాలల శిక్షణ యట్టిది. ఆ మహనీయుని నిందింప మాకు నోరు రాదు. కాని ఇంగ్లీషు తెలియని యింటివారి నడుమ ఇంగ్లీషు డైరీ తాళము వేసిన పెట్టె వంటిదని చెప్పక తప్పదు. లండనులో సామ్యూల్ పీప్స్ 1660 నుండి 1669 వరకు తన డైరీని పొట్టిలిపిలో వ్రాసెను. అది చదువబడి అచ్చగుటకు 1825 వచ్చినది. మన స్త్రీకి పొట్టిలిపి యెక్కడిది? 19వ శతాబ్దమున వంగదేశపు రాససుందరీదేవి అత్తవారింట వంటయింటిలో పుస్తకపుటాకు నొకదానిని దాచుకొని, దొంగచాటుగా అక్షరములు కూడబలుకుకొనెను. ఆమె తరువాత తన జీవితచరిత్రను వ్రాసినది. ఆనాడు స్త్రీ దాచుకొనవలసినది అక్షరమును. నేడు అక్షరమును పదిమందిలో మెచ్చుకొందురు. దానితో ఆమె యేమి వ్రాసినదో అది దాచుకొనవలసియున్నది. దాచుచోట్లు మాత్రము మారలేదు: బియ్యపుడబ్బా, పాతచీరల మడత, పద్దుపుస్తకపు చివరి పుటలు.

ఇంటింట వినబడు మాట యొకటి కలదు: మంచి కుటుంబమున రహస్యములేల? భార్యాభర్తల నడుమ దాపరికమేల? తల్లికి తెలియనిది కూతురికి ఏమున్నది? వినుటకు ఎంతో పవిత్రముగ నున్న ఈ మాటను నిజముగ నాచరించి చూచిన దంపతులు కలరు. వారు సామాన్యులు గారు. 1862లో వివాహమునకు ముందు టాల్‌స్టాయి, దాపరికము లేని దాంపత్యము కావలెనని, తన పూర్వపు డైరీలను పదునెనిమిదేండ్ల సోఫియాచేతి కిచ్చి చదివించెను. ఆ చదువు ఆమె మనస్సున చేసిన గాయము జీవితాంతము మానలేదు. పిమ్మట ఒకరి డైరీ నొకరు చదువుట ఆ యింటి వాడుక యయ్యెను. ఎదుటివారు చదువుదురని యెరిగి వ్రాయుటచే డైరీ ఉత్తరముగ మారినది. ఉత్తరము వ్యాజ్యెముగ మారినది. తుదకు 1910లో ఎనుబదియొక్క యేండ్ల వృద్ధుడు తనయొక్కనికొరకని వేరొక చిన్నపుస్తకము పెట్టుకొని, దానిని బూటులో దాచుకొనవలసివచ్చెను. అదియు భార్యకు దొరకినది. ఆ శరత్కాలముననే ఒక రాత్రి ఆమె తన కాగితములు వెదకుచున్న చప్పుడు విని ఆయన ఇల్లు విడిచెను. కొన్ని దినములకు అస్తాపొవో రైలుస్టేషనున మరణించెను. ఇందు సోఫియాదే తప్పని మేమనము. భర్త నవలలకు మరల మరల శుద్ధప్రతులు వ్రాసియిచ్చిన యిల్లాలామె. తలుపులేని గదిలో నలుబది యెనిమిదేండ్లు కాపురము చేసిన యిద్దరు గొప్పవారు ఏమైరో చూడుడనియే మా మనవి.

ఇంకొక యింటిని చూతము. అది ఇల్లనుటకును వీలులేదు. 1942 జూన్ 12న తన పదుమూడవ పుట్టినరోజున ఆన్ ఫ్రాంక్ అను బాలికకు డైరీపుస్తకము బహుమానముగ వచ్చెను. నెల దాటకమునుపే ఆ యూదుకుటుంబము నాజీలకు వెరచి ఆమ్‌స్టర్‌డాము నగరమున ఒక కార్యాలయపు వెనుకభాగమున దాగినది. తరువాత మరికొందరు చేరి ఎనిమిదిమందియైరి. పగలు నడుగు చప్పుడు కారాదు. ఆ పిల్లకు తనదను గదియైన లేదు. వయసు మీరిన పరాయి పురుషునితో గది పంచుకొనవలసియుండెను. అవ్వ బహూకరించిన ఫౌంటెన్ పెన్ను ఆమెకు ప్రాణము. 1943లో అది చెత్తతోపాటు పొయ్యిలో పడి కాలిపోగా, ఆ పెన్నును స్మరించుచు డైరీలో పుటలు వ్రాసికొన్నది. అట్టి యిరుకున ఆమె డైరీ యెక్కడ నుండెను? రాత్రులందు తండ్రి ఆటో ఫ్రాంక్ మంచము ప్రక్కన, ఆయన తోలుసంచిలో. తాను విప్పిచూడనని ఆయన కూతురికి మాట యిచ్చెను, నిలుపుకొనెను.

ఈ సంగతి మన తండ్రులు నిదానముగ నాలోచింపవలెను. ఎనిమిదిమంది ప్రాణములు దారమున వ్రేలాడుచున్నచోట, ఆ పిల్ల యేమి వ్రాయుచున్నదో పరిశీలించుటకు కారణము కావలెనన్నచో అంతకంటె బలమైన కారణము లోకమున దొరకునా? అయినను ఆయన సంచి విప్పలేదు. 1944 ఆగస్టులో వారు పట్టుబడినపిమ్మట ఆ కాగితములను ఏరి దాచిన మీప్ గీస్ అను ఉద్యోగినియు వానిని చదువక సొరుగున పెట్టి, ఆన్ తిరిగివచ్చినచో ఇత్తమని వేచియుండెను. చదివియుండినచో అందు సహాయకుల పేరులున్నందున కాల్చివేయవలసివచ్చెడిదని ఆమె తరువాత చెప్పెను. ఆన్ 1945లో బెర్గెన్-బెల్సెన్ నిర్బంధశిబిరమున మరణించినది. తిరిగివచ్చిన తండ్రి అప్పుడు చదివి, తన కూతురి లోతు తానెరుగనైతినని ఆశ్చర్యపడెను. చూచితిరా, ముందే చదివియుండినచో ఎరిగియుండెడివాడు గదా యని మన పెద్దలు వెంటనే అందురు. చదివియుండినచో ఎరుగుటకు ఆ డైరీ యుండెడిది గాదు. ఆ పిల్ల తండ్రికి నచ్చునట్టి మంచి మాటలు నాలుగు వ్రాసి మానుకొనియుండెడిది.

మా వృత్తివారిని విడిచిపెట్టి ఇండ్లను మాత్రమే తెగడుట న్యాయము గాదు. డైరీ యనగా మన బడులలో నేమి? ఇంటిపాఠము వ్రాసికొని, తల్లిదండ్రులచే సంతకము చేయించి తెచ్చెడి పుస్తకము. ఇక తెలుగు పాఠమున ‘నా దినచర్య’ యని వ్యాసము వ్రాయింతురు. తరగతిలో నలుబదిమంది పిల్లలుందురు. నలుబది ప్రాతఃకాలములును అయిదు గంటలకే తెల్లవారును. నలుబదిమందియు లేచి తల్లిదండ్రులకు నమస్కరింతురు. ఒక్కరికైన ఆవులింత రాదు. ఒక్కరైన రాత్రి తండ్రి త్రాగివచ్చినాడని గాని, అమ్మ అన్నము తినక పండుకొన్నదని గాని వ్రాయరు. ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో దీర్ఘములు దిద్ది, బాగున్నదని వ్రాసి మార్కులు వేయును. తన దినమును గూర్చి అబద్ధమాడుట యెట్లో మనము పదవయేటనే నేర్పి, ఇరువదవయేట యువతీయువకులలో స్వతంత్రభావము లేదని సభలలో వాపోవుచున్నాము.

కాలము చెడ్డది, పిల్లలు దారి తప్పకుండ కనిపెట్టవలదా యని అడుగుదురు. కనిపెట్టవలసినదే. బిడ్డ ముఖము చూచి కనిపెట్టవచ్చును; ఆమెతో కూర్చుండి భోజనము చేసి కనిపెట్టవచ్చును; ఆమె స్నేహితులను ఇంటికి రానిచ్చి కనిపెట్టవచ్చును. ఈ పనులకు తీరిక లేనివారే పుస్తకము వెదకుదురు. మరియొక వింత గూడ కలదు. ఇంటి యజమాని ఫోనునకు వ్రేలిముద్ర తాళము కలదు. అందేమున్నదని భార్య యడిగినచో, ఆఫీసు సంగతులు నీకేల యనును. ఆమె నోటుపుస్తకము మాత్రము కుటుంబపుటాస్తి. ఆంతరంగికత ప్రజలకు ప్రాథమికమైన హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగ తీర్పు చెప్పినది. ప్రభుత్వము మన రహస్యములలో చేయి పెట్టరాదని ఆ తీర్పును కొనియాడినవారిలో ఎందరు ఆ సాయంకాలము ఇంటికి వచ్చి కూతురి సంచి వెదకుట మానిరి?

స్త్రీలే స్త్రీలను కనిపెట్టుచున్నారు, పురుషులను దూరనేల యని యొక సోదరి మాతో వాదించినది. అత్తగారు కోడలి పెట్టె తెరుచుట నిజమే. ఆ అత్తగారికి తన జీవితమున తాళమున్న పెట్టె యొకటైన ఉండెనా యని ఆ సోదరి విచారింపవలెను. ఎన్నడును తనకు దొరకని మర్యాదను ఇతరులకు చూపుట మనుష్యులకు కష్టము. అందుచేత ఇంటిలో మొదటి పుస్తకము అత్తగారికే కొనియిచ్చుట మంచిదని మాకు తోచుచున్నది. అరువదియేండ్లవారు ఏమి వ్రాయుదురని నవ్వనక్కరలేదు. చిన్ననాటి పెరడు, చచ్చిపోయిన బిడ్డ, ఎవరితోను చెప్పుకొనని యవమానము: వారియొద్ద నున్నంత సరకు కోడలియొద్ద లేదు.

ఈ సంవత్సరము దసరాకు పెన్ను కొనదలచినవారు తప్పక కొనుడు. రాజమహేంద్రవరపు ఎబొనైటు పెన్నయిన మరియు మంచిది. ఖరీదైనదే కానక్కరలేదు. నీలినలుపు సిరా పోసినచో అప్పుడప్పుడు పాళీని చన్నీళ్ళతో కడిగి తుడువవలెను. నెలలకొలది సిరాతో విడిచిన పెన్ను మూసుకొనిపోవును. కాగితము సిరా పీల్చి ఊరనిదైన చాలును. తెలుగున వ్రాయుట మొదట తడబాటుగ నుండును, ఏలయన బడిలో మనకు నేర్పిన తెలుగు వ్యాసములకే గాని మనస్సునకు పనికివచ్చునది గాదు. పది దినములు వ్రాసినచో ఇంటిలో మాటలాడెడి తెలుగే కాగితము మీదికి దిగును, దానిని దిద్దవలదు. దానితోపాటు తాళమున్న చిన్నపెట్టె యొకటి కొనుడు. అంగడివాడు రెండు తాళపుచెవు లిచ్చును. ఒకటి మీ జేబులో వేసికొనక రెండును ఆమెచేతికే యిండు.